మూత మీద గంధం

డ్రైవర్ ఇరుళప్పన్ కారు తాళంచెవి పోగొట్టుకున్నది తమిళుల అయిప్పసి నెలలో ఒక బుధవారం, ఉదయం ఏడుంబావుకు. ఎక్కడా పారేసుకోలేదు. అడిగితే ఇచ్చాడు.

మిల్లు బంగళా పోర్టికోలో నల్ల కారు తొమ్మిదోసారి కూడా మూలిగి ఆగిపోయింది. మిల్లు యజమాని, చిన్న మొదలాళి గురుసామి మెట్టు మీద నిలబడి గడియారం చూసుకున్నాడు. పదోసారికి ఇంజను దగ్గి, వణికి, వెనక గొట్టంలోంచి మసి పొగ కక్కి అందుకుంది. తెల్ల సున్నం గోడ మీద జానెడు మేర నల్లటి మచ్చ పడింది.

"ఆపు. దిగు," అన్నాడు గురుసామి.

ఇరుళప్పన్ ఇంజను ఆపి దిగాడు. షెడ్డు మేస్త్రీ వెంకటపతి అప్పటికే వచ్చి స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు.

"గాలనుకు ఇరవై ఆరు మైళ్లు తోలిన బండి ఇది," అన్నాడు వెంకటపతి. "మూడు వారాలుగా పదమూడు దాటలేదు. కార్బురేటర్ నా చేత్తో విప్పి కడిగినా. జెట్టు చూసినా, సూది చూసినా, లోపల తేలే డబ్బా చూసినా. ఒక తప్పు లేదు. ఇంక చూడాల్సింది డ్రైవర్నే."

"ఏమంటావు ఇరుళా?" అన్నాడు గురుసామి.

"బండి ఎక్కువ తాగుతాంది సామీ. ఆ మసి చూడండి. ప్లగ్గులు తీస్తే బొగ్గు మాదిరి ఉండాయి. ఒకసారి నన్ను ఆ మూత తీసి చూడనీండని మేస్త్రీని రెండుసార్లు అడిగినా."

"నువ్వు తీసి చూసేదేముందిరా? నూనె చూడు, నీళ్లు చూడు, బండి కడుగు. కార్బురేటర్ నీ పనా?" వెంకటపతి నవ్వాడు. "సామీ, తుడియలూర్లో పంపులు చేసే చిన్న కార్ఖానాలు, పట్టరైలు ఎన్ని ఉండాయి! రబ్బరు గొట్టం ఒకటి, డబ్బా ఒకటి ఉంటే చాలు. కొనేవాళ్లు వరసలో నిలబడతారు."

"నేను పెట్రోలు ముట్టలేదు సామీ," అన్నాడు ఇరుళప్పన్. ఒక్కసారే అన్నాడు. రెండోసారి అంటే అది బతిమాలడం అవుతుందని అతనికి అనిపించింది.

గురుసామి చెయ్యి చాచాడు. తొమ్మిదేళ్లుగా సాయంత్రం పూట ఇరుళప్పన్ ఆ తాళంచెవిని పిట్టగోడ మీద పెట్టి వెళ్లేవాడు. పొద్దున అక్కడి నుంచే తీసుకునేవాడు. అది ఎన్నడూ చేతి నుంచి చేతికి మారలేదు. ఇవాళ మొదలాళి అరచెయ్యి అతని ముందు తెరిచి ఉంది. ఇరుళప్పన్ ఆ అరచేతికి జానెడు పైనుంచి తాళంచెవిని వదిలాడు.

షెడ్డులో మేకుకు వేలాడుతున్న తన తువాలు తీసుకుని పక్కదారిన బయటికి వెళ్లాడు.

మిల్లు వెనక రెండు వరసల ఇళ్లు. బంగళాలోనూ ఆ వీధిలోనూ మాట తెలుగు. అవి దాటితే తమిళం. మరునాడు మధ్యాహ్నం మూడు గంటల సైరను మోగిన కాసేపటికి ఆరోగ్యమేరి వచ్చింది. ఇరుళప్పన్ భార్య, చనిపోయిన ఇరుళాయికి చెల్లెలు. మిల్లులో నూలు చుట్టే రీలింగు పని. తల నిండా దూది నూగు అంటుకుని ఉంది. ఇరుళప్పన్ గడప మీద కూర్చుని ఆమె కిరసనాయిలు స్టవ్వునే బాగు చేస్తున్నాడు.

"బావా, గేటు పలక మీద కాయితం అంటించిండారు."

"ఏమని?"

"పెట్రోలు దొంగిలించినందుకు డ్రైవర్ ఇరుళప్పన్‌ను పనిలోంచి తీసేసినామని. పేరు ఎంత పెద్దగా రాసిండారో! మన వీధి వాళ్ల పేరు ఆ పలక మీద అంత పెద్దగా ఎప్పుడన్నా పడిందా?"

ఇరుళప్పన్ స్టవ్వు ముక్కును వెలుతురుకు ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. పిన్ను దూర్చి తీశాడు. మళ్లీ చూశాడు.

"దొంగతనం చేసేవాడి మొగమా ఇది?" అంది ఆరోగ్యమేరి. "పులుసులో ఉప్పు ఎక్కువైందని మా అక్కకి చెప్పేదానికే భయపడేవాడివి. ఆ పొన్నుత్తాయి ఉండాదే, రీలింగులో అందరి ముందరా అడుగుతాంది, ఏమక్కా మీ బావ ఇంట్లో పెట్రోలు వాసన వస్తుందా అని. వస్తుందమ్మా, తొమ్మిదేళ్లుగా వస్తుంది, నీ మొగుడి దగ్గర కల్లు వాసన రాలేదా, అన్నా. నోరు మూసుకునింది."

"ఏంటికి ఆ మాట? పావం, ఆమె ఏం చేసింది?"

"ఏం చేసిందా! నువ్వు ఇట్లా అంటావు గనకనే వాళ్లు అట్లా రాస్తారు."

అతను స్టవ్వు బిగించి, పంపు నాలుగుసార్లు కొట్టి, అగ్గిపుల్ల గీశాడు. నీలి మంట చుట్టూ సమంగా లేచింది. దానివైపు కొంతసేపు చూసి ఆర్పేశాడు.

"పొద్దున బండి చప్పుడు విన్నావా?"

"విన్నా. ఆ కొత్త డ్రైవరు కాళియప్పన్ పదమూడుసార్లు లాగినాడు. గేటు కాడ అందరూ లెక్కపెట్టి నవ్వుతాండారు."

"చలి అనుకుని చోకు పూర్తిగా లాగి ఉంటాడు. పొగ?"

"నలుపే."

ఇరుళప్పన్ తల ఊపాడు.

"నిన్ను దొంగ అన్నారు బావా. నువ్వేమో బండి గురించి అడుగుతాండావు!"

"నేను తియ్యలేదు. అయినా పెట్రోలు పోయింది గదా. ఎటు పోయిందో తెలిస్తేనే ఆ కాయితానికి జవాబు. అది బండినే అడగాల, ఇంకెవర్ని అడిగేది?"

ఆమె స్టవ్వు చంకన పెట్టుకుని లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "అన్నం వండుకున్నావా?" అని అడిగింది. అతను అవునన్నాడు. ఆమె లోపలికి వెళ్లి చల్లగా ఉన్న పొయ్యి చూసి వెళ్లిపోయింది. కాసేపటికి ఆమె పంపిన గిన్నె మూత తీస్తే ఆవిరి వచ్చింది.

శనివారం పొద్దున కాళియప్పన్ సైకిలు పట్టుకుని వీధి మొదట్లో నిలబడ్డాడు. వెంకటపతికి మేనల్లుడు; పాతికేళ్లవాడు. మిల్లులో ఎప్పుడూ ఇరుళప్పన్‌ను పేరు పెట్టి పిలిచేవాడు.

"అన్నా," అన్నాడు. "బంగళా పెద్దమ్మ పిలుచుకుని రమ్మనిండారు. దిండిగల్లులో మనవరాలి సీమంతం, వలకాపు. దీపాల వేళకు ఆడ ఉండాలంట. బండి అందుకోలేదు."

"మీ మామ ఉండాడు గదా."

"మా మామ ఐదు గంటలకే వచ్చి చోకు మార్చినాడు, ప్లగ్గులు మార్చినాడు. ఇప్పుడు బ్యాటరీ మీద పడిండాడు." కాళియప్పన్ గొంతు తగ్గించాడు. "అన్నా, నేను తోలినా పదమూడే వస్తాంది. రేపు నన్నూ దొంగ అంటారు."

"సొంత మేనల్లుణ్ణి అంటాడా?"

"ముందు అనేది ఆయనే."

ఇరుళప్పన్‌కు నవ్వు వచ్చింది. లోపలికి వెళ్లి ఉతికి మడతపెట్టిన ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. పైనుంచి కిందిదాకా అన్ని బొత్తాలూ పెట్టుకున్నాడు. పక్క ఇంటి గుమ్మంలోంచి ఆరోగ్యమేరి చూస్తోంది.

"పిలిస్తే పోయేదేనా బావా? నీకు రోషం లేదా?"

"ఉండాది. అందుకే పోతాండా."

పోర్టికోలో గురుసామి తల్లి వెంకటమ్మాళ్ పేము కుర్చీలో కూర్చుని ఉంది. ప్రయాణానికి పట్టుచీర కట్టుకుంది. కారు బానెట్టు పైకి లేపి ఉంది. వెంకటపతి చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"నేను విప్పేటప్పుడు అందరూ ఈడనే నిలబడి చూడాల సామీ," అన్నాడు ఇరుళప్పన్. "మేస్త్రీ కూడా. నేను ఒక్కణ్ణే ఉండి చెయ్యను."

గురుసామి కనుబొమ్మలు ముడిపడ్డాయి. "సరే, కానీ," అన్నాడు.

ఇరుళప్పన్ ముందు ఏ పనిముట్టూ తీసుకోలేదు. ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు. వంగి వాసన చూశాడు. డ్రైవరు సీటు పక్కకు వెళ్లి, లాగి ఉన్న చోకును లోపలికి తోసి, తాళం ఒక్క మెలిక మాత్రం తిప్పాడు. పెట్రోలు పంపు టిక్ టిక్ మంటూ మొదలైంది.

"వినండి సామీ. కార్బురేటర్ గిన్నె నిండగానే ఈ చప్పుడు ఆగిపోవాల."

అందరూ విన్నారు. టిక్, టిక్, టిక్. ఆగలేదు. వరండాలో ఎవరో పాత్రలు కడుగుతున్న చప్పుడు, దాని మధ్య పంపు టిక్కులు. అతను గాలి వడపోత డబ్బా ఊడదీసి పక్కన పెట్టి, గురుసామిని దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ఇంజను తిరగడం లేదు. అయినా లోపల జెట్టు నోట పెట్రోలు ఊటలాగ ఉబికి కిందికి జారుతోంది.

"తాళం తిప్పిన ప్రతిసారీ ఇంత పోతాంది. చోకు లాగితే ఇంకా ఎక్కువ. ప్లగ్గులు తడిసిపోతే నిప్పు ఎట్లా పుడుతుంది? మీరు చలి అనుకుంటాండారు. ఇది మునిగిపోవడం సామీ. తోలేటప్పుడూ ఇదే కథ. ఇరవై ఆరు పదమూడు అయ్యింది ఈడనే."

"గిన్నెలో సూది నేను చూసినా. బాగుండాది," అన్నాడు వెంకటపతి.

"బాగుండాది మేస్త్రీ. తప్పు సూదిది కాదు."

అతను గిన్నె మూత మరను అర మెలిక వదులు చేశాడు. ఉస్సుమని గాలి బయటికి వచ్చింది. పంపు నాలుగు టిక్కులు కొట్టి, ఇంకొకటి ఆలస్యంగా కొట్టి, ఆగిపోయింది. జెట్టు నోట ఊట నిలిచిపోయింది. ఇరుళప్పన్ ముఖం వెలిగింది. తొమ్మిదేళ్లుగా తన చేతి కింద నడిచిన యంత్రం అతను అడిగినదానికి జవాబు చెప్పింది.

"పెట్రోలు లోపలికి రావాలంటే లోపలి గాలి బయటికి పోవాల. దానికి మూత మీద ఆవగింజంత చిల్లు ఉంటుంది. అది మూసుకుపోయింది. గాలి ఆడనే చిక్కుకుని పెట్రోలును జెట్టు దోవన తోస్తాంది."

చిల్లు కోసం వేలు మూత మీదికి తీసుకువెళ్లి, ఆపేశాడు.

మూత పైన రూపాయి బిళ్లంత వెడల్పున గంధం ఎండి గట్టిపడి ఉంది. మధ్యలో కుంకుమ.

"ఏయ్, ఆడ చెయ్యి పెట్టొద్దు!" అన్నాడు వెంకటపతి. "అమ్మ చేత్తో పెట్టిన ఆయుధ పూజ బొట్టు అది. నేను మూత తీసినప్పుడు కూడా అంచు పట్టుకుని తీసి, మెల్లిగా పెట్టినా. లోపలంతా కడిగినా గానీ దాన్ని కదిలించలేదు."

పూజ బొట్టును ఎవరూ తుడవరు. మిల్లులో కదుర్ల మీదా, మోటార్ల మీదా పెట్టినది దానంతట అది రాలిపోవాలి. లేదా వచ్చే ఏడు పూజ దాకా ఉండాలి. ఇరుళప్పన్ కూడా రోజూ ఇంజను తుడిచేటప్పుడు ఆ బొట్టు చుట్టూ గుడ్డను తిప్పి దాన్ని వదిలేసేవాడు. మూడు వారాలు అట్లా వదిలేశాడు.

"నేను లోపల ఎక్కడ పెట్టినా?" అంది వెంకటమ్మాళ్ కుర్చీలోంచే. "బానెట్టు మీద పెట్టినా. స్టీరింగుకు పెట్టినా. బానెట్టు ఎత్తనే లేదే."

చిల్లులో దుమ్ము పేరుకుందని ఇరుళప్పన్ ఒక్క మాట అంటే సరిపోతుంది. అందరూ నమ్ముతారు. అతను నిటారుగా నిలబడ్డాడు.

"నేను పెట్టినానమ్మా."

గురుసామి అతనివైపు తిరిగాడు. "నువ్వా? మీవాళ్లకు వేరేగా షెడ్డు బయట పూజ పెడతాం గదా. బానెట్టు ఎప్పుడు ఎత్తినావు?"

"అందరూ పొంగలికి పోయినంక సామీ. ప్రతి ఏడూ పెడతా. ఇన్నాళ్లు సీటు కింద పెట్టినా, కనబడకుండా. ఈ ఏడు ఈడ పెట్టినా."

"ఏంటికి ఈడ?"

"బండి ఊపిరి తీసేది ఈణ్ణించే గదా సామీ. చిల్లు మూసుకుంటుందని తోచలేదు. ఈ తప్పు నాదే. పెట్రోలు మాత్రం నేను తియ్యలేదు."

వెంకటపతి తన రెండు అరచేతులూ చూసుకున్నాడు. తర్వాత వాటిని పంచెకు రుద్దుకోవడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడు ఏమి తుడుచుకుంటావు వెంకటపతీ?" అంది వెంకటమ్మాళ్. "మూడు వారాలు కళ్లకద్దుకుని కాపాడినావు గదా."

వెంకటపతి చేతులు ఆగిపోయాయి.

ఇరుళప్పన్ చిన్న గుడ్డ పెట్రోలులో ముంచి గంధం మీద పరిచి, మెత్తబడే దాకా కదలకుండా నిలబడ్డాడు. "నేను పెట్టింది నేనే తీస్తా," అన్నాడు. తీగ వాడలేదు, తీగ చిల్లును పెద్దది చేస్తుంది. చీపురు నుంచి ఈనెపుల్ల ఒకటి తీసి, కొస నలిపి, అంచు నుంచి కొద్దికొద్దిగా లేపాడు. ఊడిన గంధాన్ని ఆకులో పట్టి పిట్టగోడ అవతల మొక్క మొదట్లో వేశాడు. చిల్లులో ఈనెపుల్ల మెల్లిగా తిప్పి, నోటితో ఊదాడు. మూత బిగించాడు. ప్లగ్గులు తీసి తుడిచి, ఎండలో పెట్టి, చేతికి వెచ్చగా తగిలాక తిరిగి బిగించాడు. తాళం తిప్పాడు. పంపు గబగబా కొట్టి ఆగింది. చోకు సగం లాగి స్టార్టరు నొక్కాడు. రెండో చుట్టుకు ఇంజను అందుకుంది. చోకు తోసేశాడు. ఇంజను చప్పుడు సన్నబడి, ఒక్క తీరున నిలిచింది. గోడ వైపు పొగ రాలేదు.

"ఇప్పుడు కొలవాల," అన్నాడు ఇరుళప్పన్. "గాలనులో ఎనిమిదో వంతు పట్టే పైంటు సీసా ఒకటి కావాల. మేస్త్రీ, ఆ రబ్బరు గొట్టం ఉంటే ఇస్తారా? నా దగ్గర లేదు."

కాళియప్పన్ తల పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకున్నాడు. వెంకటపతి షెడ్డుకు వెళ్లి గొట్టం తెచ్చాడు. ఇరుళప్పన్ ట్యాంకు గొట్టాన్ని విడదీసి, నిండు సీసాను కట్టి పంపుకు కలిపాడు.

"కాళియప్పన్‌ను తోలనీండి సామీ. మీరు పక్కన కూర్చోండి. తుడియలూరు రోడ్డు పట్టండి. సీసా అయిపోయిన చోట బండే ఆగుతుంది. మైలురాయి చూసుకుంటే చాలు. డబ్బాలో తిరిగి వచ్చేదానికి పెట్రోలు పెట్టినా."

కారు వెళ్లిపోయింది. పోర్టికోలో ముగ్గురు మిగిలారు. వెంకటపతి పనిముట్లను ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుతున్నాడు, అవసరానికి మించి నెమ్మదిగా.

"గంధం అంత మందంగానా అరగదీసేది?" అంది వెంకటమ్మాళ్.

"ఎప్పుడూ ఇరుళాయి తీసేదమ్మా. పల్చగా తీసేది. రెండు నాళ్లకే రాలిపోయేది. ఈ ఏడు నేనే తీసినా."

ఆమె కొంచెం ముందుకు వంగింది. "ఏమైంది ఆమెకు?"

"జ్వరం వచ్చిందమ్మా. ఆడి నెలలో పోయింది, మూడు నెలలైంది."

"నాకు ఎవరూ చెప్పలేదే."

"సామికి చెప్పినానమ్మా. ఒక్కనాటికి సెలవు అడిగినా. మరునాడు బండి కావాలన్నారు. వచ్చినా."

వెంకటమ్మాళ్ చీర కొంగు సర్దుకుంది. ఆ మరునాడు ఆ బండిలో వెనక సీటులో కూర్చుని కోవిలకు వెళ్లింది తానే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తు వచ్చింది.

కారు తిరిగి వచ్చినప్పుడు గురుసామి తానే తలుపు తీసుకుని దిగాడు.

"మూడు మైళ్లు దాటి ఫర్లాంగున్నర," అన్నాడు. నోట్లోనే లెక్క కట్టుకున్నాడు. "ఇరవై ఐదున్నర. సరే ఇరుళా, ఎక్కు. అమ్మను దిండిగల్లుకు తీసుకుపో."

ఇరుళప్పన్ కొళాయి దగ్గర ఇసుకతో చేతులు రుద్ది కడుక్కుంటున్నాడు. గోళ్ల సందుల్లోంచి నలుపు పోయే దాకా రుద్ది, తువాలుతో తుడుచుకుని వచ్చాడు.

"సామీ, గేటులో ఒక కాయితం అంటించిండారు."

"చింపేయమంటాలే. ఎక్కు."

"చింపితే చాలదు సామీ. మూడు షిఫ్టులు దాన్ని చదివినాయి. చింపితే గాలికి పోయిందనుకుంటారు. షిఫ్టు మారేటప్పుడు మీరో మేస్త్రీనో ఆడ నిలబడి, ఇరుళప్పన్ పెట్రోలు తియ్యలేదు అని ఒక్క మాట చెప్పాల. చెప్పినంక వస్తా."

"ఇంత చిన్నదానికా?"

"నా పేరు పెద్దగానే రాసిండారు సామీ."

గురుసామి తల్లివైపు చూశాడు. ఆమె కారువైపు చూసింది. వెంకటపతి పెట్టె మూత వేసి, గొళ్లెం పెట్టాడు. ఆ చప్పుడు పోర్టికోలో గట్టిగా వినిపించింది.

"కాళియప్పా, ఎక్కు. పొద్దు పోతాంది," అంది వెంకటమ్మాళ్. కారు ఎక్కబోతూ ఒక క్షణం ఆగింది. తర్వాత ఎక్కి కూర్చుంది.

ఇరుళప్పన్ కిటికీ దగ్గరికి వెళ్లాడు. "చోకు సగమే లాగు. అందుకోగానే తోసెయ్యి. పంపు చప్పుడు ఆగినంకనే స్టార్టరు నొక్కాల. మిట్ట ఎక్కేటప్పుడు తొందర పడొద్దు."

"సరన్నా," అన్నాడు కాళియప్పన్. మొదలాళి వింటుండగానే అన్నాడు.

కారు పోయిన తర్వాత ఇరుళప్పన్ పక్కదారికి తిరగలేదు. ముందు గేటు వైపు నడిచాడు. కాపలావాడు లేచి నిలబడి, ఆపాలా వద్దా అని ఆలోచిస్తుండగానే అతను దాటిపోయాడు.

సోమవారానికి గేటు పలక మీద కాయితం లేదు. దాని చోట బోనస్ సంగతి రాసిన వేరే కాయితం వచ్చింది. ఇరుళప్పన్ తుడియలూర్లో ఒక పంపుల పట్టరైలో దినకూలికి చేరాడు. పొద్దున ఆరున్నరకు బంగళా వైపు నుంచి కారు చప్పుడు వినిపిస్తుంది. ఒక్క లాగుడుకే అందుకుంటుంది. అప్పుడు అతను కాఫీ గ్లాసు పట్టుకుని, అది సన్నబడే దాకా తల ఎత్తి వింటాడు.

"నీకేమన్నా జీతమా నాతమా, ఏంటికి బావా అంత నవ్వు?" అంటుంది ఆరోగ్యమేరి.

"ఎట్లా నడుస్తాందో విను," అంటాడు.

మూడు గంటల షిఫ్టు మారే వేళకు తుడియలూరు నుంచి రావడం కుదరదు కనుక, ఏడు గంటల షిఫ్టుకు ముందు పది నిమిషాలు అతను మిల్లు గేటుకు ఎదురుగా నిలబడుతున్నాడు. ఖాకీ చొక్కా, బొత్తాలన్నీ పెట్టుకుని. పొన్నుత్తాయి ఒకనాడు దగ్గరికి వచ్చి, "తిన్నావా అన్నా?" అని అడిగి వెళ్లింది. వెంకటపతి సైకిలు మీద వస్తూ అతన్ని చూసి, గేటు దగ్గర వేగం తగ్గిస్తాడు. తర్వాత తొక్కుకుంటూ లోపలికి పోతాడు.

ఇరుళప్పన్ పెట్రోలు తియ్యలేదన్న మాట ఆ గేటు దగ్గర ఇంకా ఎవరూ చెప్పలేదు.